నిన్నటి పేజీ ఏమైంది? ప్రభుత్వ వెబ్‌సైట్లలో మార్పులు, స్క్రీన్‌షాట్ల సాక్ష్యం

జీఓలు, ఓటర్ల జాబితాలు, పథకాల నిబంధనలు ఇప్పుడు వెబ్ పేజీల్లోనే ఉంటున్నాయి. ఆ పేజీలు మారితే మారాయని ప్రజలకు చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. వెబ్ డిజైనర్ల అవసరం కోసం పుట్టిన ఒక చిన్న పనిముట్టు ఈ లోటును కొంత పూడ్చగలదు. అయితే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

గల్వాన్ ఘర్షణ జరిగి రెండు నెలలైనా కాకముందే, 2020 ఆగస్టు మొదటి వారంలో, రక్షణ మంత్రిత్వ శాఖ తన వెబ్‌సైటులో ఒక పత్రం పెట్టింది. జూన్ నెలలో శాఖ చేపట్టిన ముఖ్యమైన పనుల నివేదిక అది. మే 17, 18 తేదీల్లో కుగ్రాంగ్ నాలా, గోగ్రా, పాంగాంగ్ సరస్సు ఉత్తర తీరం ప్రాంతాల్లో చైనా వైపు నుంచి అతిక్రమణ జరిగిందని అందులో రాసి ఉంది. మన భూభాగంలోకి ఎవరూ రాలేదని ప్రధాని జూన్ 19న అఖిలపక్ష సమావేశంలో చెప్పారు. ఆ మాటకూ ఈ పత్రానికీ పొంతన లేదని విలేకరులు రాశారు. ఆగస్టు 6 నాటికి పత్రం వెబ్‌సైటులో కనిపించలేదు. ఆ ఏడాది అక్టోబరుకల్లా 2017 నుంచి ఉన్న నెలవారీ నివేదికలన్నీ అక్కడి నుంచి మాయమయ్యాయని పత్రికలు వెల్లడించాయి.

సరిహద్దు విషయంలో ఎవరి మాట సరైనదన్న చర్చ వేరు. ఇక్కడ గమనించాల్సింది మరొకటి. అలాంటి అధికారిక పత్రం ఒకటి ఉండేదని ఈరోజు ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే, అది కనిపించిన రెండు రోజుల్లోనే కొందరు దాన్ని చదివి, కాపీ తీసి పెట్టుకున్నారు కాబట్టే. దేశ రక్షణకు సంబంధించిన పత్రం గనుక విలేకరుల కన్ను పడింది. ఒక జిల్లా వెబ్‌సైటులో పింఛను అర్హతల్లో ఒక వాక్యం మారితే? టెండరు నోటీసులో గడువు తేదీ మారితే? పరీక్ష ‘కీ’లో ఒక జవాబు మారితే? దాన్ని ముందే కాపీ చేసి పెట్టుకున్నవాళ్లు సాధారణంగా ఉండరు. మారిన తర్వాత స్క్రీన్‌షాట్ తీస్తే కొత్త పేజీయే వస్తుంది. పాత పేజీ ఏమి చెప్పిందో నిరూపించే భారం నష్టపోయిన మనిషి మీద పడుతుంది.

రెండు ఫొటోలు పక్కపక్కన

ఈ సమస్యకు పనికొచ్చే పనిముట్లు నిజానికి వేరే అవసరం కోసం పుట్టాయి. వెబ్‌సైటులో ఒకచోట చిన్న మార్పు చేస్తే మరోచోట పేజీ చెదిరిపోవడం డెవలపర్లకు నిత్యం ఎదురయ్యే తలనొప్పి. వందల పేజీలను ప్రతిసారీ కంటితో చూసి సరిపోల్చడం అయ్యే పని కాదు. బీబీసీ న్యూస్ సాంకేతిక బృందం 2013లో దీనికోసం ‘రైత్’ అనే పనిముట్టు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. మార్పుకు ముందున్న పేజీని, తర్వాతి పేజీని అది ఫొటో తీస్తుంది. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, తేడా ఉన్నచోట రంగు పూసి చూపిస్తుంది. ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. గూగుల్ నుంచి 2017లో పప్పెటీర్, మైక్రోసాఫ్ట్ నుంచి 2020లో ప్లేరైట్ రావడంతో బ్రౌజరును ప్రోగ్రాము ద్వారా నడిపించడం తేలికైంది. ప్లేరైట్ ఆధారంగా సైమన్ విల్లిసన్ అనే డెవలపర్ 2022లో తెచ్చిన ‘షాట్-స్క్రేపర్’ ఒక్క వరుస ఆదేశంతో పేజీ ఫొటో తీసి ఇస్తుంది.

వీటిని కమాండ్ లైన్ పనిముట్లు అంటారు. మౌసుతో బటన్లు నొక్కే పని ఉండదు. నల్లటి తెరమీద ఆదేశం టైపు చేస్తే చాలు. లోపల ఒక బ్రౌజరు తెర లేకుండానే తెరుచుకుంటుంది, చెప్పిన చిరునామాకు వెళ్తుంది, పేజీ మొత్తం లోడయ్యేదాకా ఆగుతుంది, పైనుంచి కిందిదాకా ఒకే బొమ్మగా దాచిపెట్టి మూసుకుంటుంది. పామరులకు కొరుకుడుపడనట్టు కనిపించే ఈ పద్ధతిలోనే అసలు లాభం ఉంది. ఆదేశం అక్షరాల్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఒక ఫైలులో రాసి, రోజూ ఉదయం ఆరింటికి నడవమని కంప్యూటరుకు అప్పగించొచ్చు. రెండు వందల పేజీల చిరునామాలు ఇస్తే రెండు వందల ఫొటోలూ తీసి, నిన్నటి వాటితో పోల్చి, తేడా ఉన్న నాలుగింటిని మాత్రమే మనిషి ముందు పెడుతుంది. దీనికి పెద్ద సర్వరు అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

మనిషి తీసే స్క్రీన్‌షాట్‌కూ దీనికీ తేడా ఇక్కడే వస్తుంది. అనుమానం వచ్చాక మనిషి స్క్రీన్‌షాట్ తీస్తాడు. ఈ పనిముట్టు అనుమానం రాకముందే తీసి ఉంచుతుంది. సాక్ష్యం విషయంలో ఆ ముందువెనకలే కీలకం.

అంకె మారితే కనిపించదు

కానీ దీన్ని కళ్లుమూసుకుని నమ్మితే బోర్లాపడటం ఖాయం. బొమ్మల పోలిక ఎలా జరుగుతుందో చూస్తే కారణం అర్థమవుతుంది. బొమ్మ అంటే రంగు చుక్కల సమాహారం. పాత బొమ్మలోని ఒక్కో చుక్కను కొత్త బొమ్మలో అదే స్థానంలో ఉన్న చుక్కతో పోలుస్తారు. మొత్తంలో ఎన్ని చుక్కలు మారాయో శాతం లెక్కిస్తారు. చిన్న చిన్న తేడాలకు గంట మోగకుండా ఒక పరిమితి పెట్టుకుంటారు.

ఉదాహరణకు 1,280 చుక్కల వెడల్పు, 8,000 చుక్కల పొడవు ఉన్న పేజీలో మొత్తం 1 కోటి 2 లక్షల 40 వేల చుక్కలుంటాయి. పరిమితి 0.1 శాతం అనుకుంటే 10,240 చుక్కలు మారేదాకా పనిముట్టు ‘తేడా లేదు’ అనే చెబుతుంది. తెరమీద ఒక అంకె పట్టే స్థలం సుమారు 10 చుక్కల వెడల్పు, 15 చుక్కల ఎత్తు, అంటే 150 చుక్కలు. ఆ లెక్కన ఒక పేజీలో 68 అంకెలు పూర్తిగా మారినా గంట మోగదు. ఆదాయ పరిమితి 2 లక్షలు కాస్తా 1 లక్ష అయితే దరఖాస్తుదారు జీవితం తలకిందులవుతుంది. పనిముట్టు లెక్కలో అది దుమ్ముతో సమానం.

దీనికి సరిగ్గా తిరగబడిన సమస్య కూడా ఉంది. పేజీ పైభాగంలో ‘స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు’ అని ఒక పట్టీ చేరిస్తే కిందున్నదంతా కాస్త కిందికి జరుగుతుంది. ఒక్క అక్షరం మారకపోయినా పేజీ దాదాపు మొత్తం మారినట్టు పనిముట్టు గగ్గోలు పెడుతుంది. మన ప్రభుత్వ వెబ్‌సైట్లలో నేటి తేదీ, సందర్శకుల సంఖ్య, కుడినుంచి ఎడమకు పరిగెత్తే వార్తలు, తిరిగే మంత్రుల ఫొటోలు మామూలే. వీటికి ముసుగు వేయకపోతే రోజూ ప్రతి పేజీలోనూ తేడా చూపిస్తుంది. రోజూ మోగే గంటను వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు.

తెలుగు పేజీల విషయంలో మరో చిక్కు ఉంది. ఇలాంటి పనులకు వాడే లినక్స్ సర్వర్లలో చాలావాటికి తెలుగు ఫాంటు ముందుగా ఉండదు. అప్పుడు ఫొటోలో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు పడతాయి. ‘అర్హులు’ అన్నచోట అదే పొడవున్న మరో మాట పెట్టినా డబ్బాలు డబ్బాలుగానే ఉంటాయి. రెండు బొమ్మలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, పనిముట్టు ‘మార్పేమీ లేదు’ అంటుంది. నెలల తరబడి ఫొటోలు దాచి, అవసరమొచ్చిన రోజు తెరిచి చూస్తే ఒక్క మాట చదవడానికి రాదు. తెలుగు ఫాంటు వేసుకోవడం రెండు నిమిషాల పని. వేసుకోవాలని ముందే తెలియాలి, అంతే.

అన్నిటికన్నా పెద్ద గుడ్డి మచ్చ పీడీఎఫ్‌లు. మన ప్రభుత్వ పేజీల్లో అసలు విషయం పేజీలో ఉండదు, ‘ఇక్కడ నొక్కండి’ అన్న లింకు వెనకనున్న పీడీఎఫ్‌లో ఉంటుంది. అదే పేరుతో ఫైలు మార్చి పెడితే పేజీ ఫొటోలో చుక్కంత తేడా కూడా రాదు.

అందుకే ఈ పని గట్టిగా చేసేవాళ్లు ఫొటో ఒక్కదానితో ఆగరు. పేజీలోని పాఠాన్ని విడిగా దాచి అక్షరం అక్షరం పోల్చుతారు. యూనిక్స్ కంప్యూటర్లలో 1974 నుంచి ఉన్న ‘డిఫ్’ అనే ఆదేశం ఏ వరుస పోయిందో, ఏ వరుస వచ్చిందో కచ్చితంగా చెబుతుంది. లింకుల వెనక ఉన్న ఫైళ్లను దించుకుని వాటి ‘హ్యాష్’ లెక్కిస్తారు. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోతుంది. మాట మారిందో లేదో పాఠం చెబుతుంది. ఫైలు మారిందో లేదో హ్యాష్ చెబుతుంది. ఆరోజు పౌరుడి కంటికి పేజీ ఎలా కనిపించిందో ఫొటో చెబుతుంది. మూడూ ఉంటేనే చిత్రం పూర్తవుతుంది.

జీఓల చుట్టూ దాగుడుమూతలు

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇది దూరపు సంగతేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ప్రభుత్వ ఉత్తర్వులన్నీ ఒకే వెబ్‌సైటులో పెట్టే పద్ధతి ఉండేది. విలేకరి, వకీలు, ఉద్యోగ సంఘం నాయకుడు, కాంట్రాక్టరు అందరూ ఉదయాన్నే చూసే చోటది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీఓలను అందులో పెట్టడం ఆపేసింది. అంతకుముందే నంబరు ఉండి లోపల ఏమీ లేని ‘ఖాళీ జీఓ’ల మీద ప్రతిపక్షం గవర్నరుకు ఫిర్యాదు చేసింది. విమర్శలు రావడంతో ఎంపిక చేసిన జీఓలను ఈ-గెజిట్ సైటులో పెట్టసాగారు. వ్యవహారం హైకోర్టుకు కూడా వెళ్లింది. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో పాత వెబ్‌సైటు మళ్లీ మొదలైంది. నడుమ మూడేళ్లు ఏ జీఓ వచ్చిందో, ఏది రాలేదో తెలుసుకోవడం మామూలు పౌరుడి చేతిలో లేకుండా పోయింది.

తెలంగాణలోనూ ఇదే కథ వేరే రూపంలో నడిచింది. దళిత బంధుపై దాఖలైన వ్యాజ్యం విచారణలో, జీఓ విడుదలైన 24 గంటల్లోగా వెబ్‌సైటులో పెట్టాలని హైకోర్టు 2021 ఆగస్టులో ఆదేశించాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2014 నుంచి 2023 వరకు నడిచిన వెబ్‌సైట్ల నుంచి, అధికారిక సోషల్ మీడియా ఖాతాల నుంచి సమాచారం తొలగిస్తున్నారని, దాన్ని భద్రపరచాలని 2024లో బీఆర్ఎస్ నేత కేటీఆర్ ప్రధాన కార్యదర్శికి లేఖ రాశారు. అధికారంలో ఉన్నప్పుడు జీఓలు దాచారన్న ఆరోపణ ఎదుర్కొన్న పార్టీయే, దిగిపోయాక పేజీలు చెరిపేస్తున్నారని ఫిర్యాదు చేసింది. ఈ విషయంలో ఏ పార్టీ చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవనడానికి ఇదొక్కటి చాలు. కుర్చీలో ఉన్నప్పుడు పాత పేజీ భారంగా తోస్తుంది. దిగాక అదే ఆధారమవుతుంది.

ఏ వెబ్‌సైటులో ఏ రోజు ఎన్ని జీఓలు కనిపించాయో రోజూ ఫొటో, పాఠం దాచిన జాబితా ఒకటి ఉంటే ఈ వాదనల్లో చాలావాటికి నిమిషాల్లో జవాబు దొరికేది. నంబర్ల వరుసలో ఖాళీ ఎప్పుడొచ్చిందో, ఏ పేజీ ఏ తేదీ వరకు ఉందో తెలిసేది. అలాంటి జాబితా లేనిచోట మిగిలేది మీ మాట, మా మాట.

తేడా అడగడానికి సుప్రీంకోర్టు దాకా

పోల్చి చూసే హక్కు ఎంత విలువైనదో బిహార్ ఓటర్ల జాబితా వివాదం తేల్చింది. 2025లో ప్రత్యేక సమగ్ర సవరణకు ముందు ఆ రాష్ట్రంలో 7.89 కోట్ల మంది ఓటర్లున్నారు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో 7.24 కోట్ల పేర్లే ఉన్నాయి. మిగతా 65 లక్షల మంది ఎవరు, ఎందుకు లేరు? పాత జాబితా పక్కన కొత్త జాబితా పెట్టి తీసివేత చేస్తే వచ్చే జవాబే అది. ముసాయిదాలో లేనివారి పేర్లు విడిగా ప్రచురించాలని నిబంధన ఏదీ లేదని ఎన్నికల సంఘం వాదించింది. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లను కారణాలతో సహా జిల్లా వెబ్‌సైట్లలో పెట్టాలని, ఓటరు కార్డు నంబరుతో వెతుక్కునేలా ఉండాలని ఆదేశించింది. సాంకేతిక భాషలో చెప్పాలంటే కోర్టు అడిగింది ఒక ‘డిఫ్’నే.

ఆ పని పౌరులే ఎందుకు చేసుకోలేకపోయారు? జాబితాలు వెతకడానికి వీలైన పాఠంగా కాకుండా స్కాన్ బొమ్మల రూపంలో వస్తున్నాయి. పాఠం రూపంలో ఇప్పించాలని కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో కొట్టేసింది. ఓటర్ల గోప్యత దెబ్బతింటుందన్నది సంఘం చెబుతున్న కారణం. ఆ ఆందోళన పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. కోట్ల మంది పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు ఒక్క క్లిక్కుతో ఎవరికైనా చిక్కడం మంచిది కాదు. కానీ బొమ్మ రూపంలో ఇవ్వడం వల్ల వనరులున్న పార్టీలకు, కంపెనీలకు పెద్ద అడ్డంకేమీ లేదు. బొమ్మల నుంచి అక్షరాలు రాబట్టే సాఫ్ట్‌వేరు వాళ్ల దగ్గర ఉంటుంది. అడ్డంకి ఎదురయ్యేది తన పేరు ఉందో లేదో చూసుకునే వలస కూలీకి, తన వార్డులో ఎన్ని పేర్లు పోయాయో లెక్కించాలనుకునే కార్యకర్తకు.

కోర్టులో నిలబడుతుందా?

పౌరుడు తీసి దాచిన స్క్రీన్‌షాట్‌ను న్యాయస్థానం ఒప్పుకుంటుందా? ఊరికే ప్రింటు తీసి ఇస్తే ఒప్పుకోదు. అలా ఒప్పుకోకపోవడమూ సబబే. ఏ బ్రౌజరులోనైనా పేజీలోని మాటను పది సెకన్లలో తెరమీదే మార్చేసి ఫొటో తీయొచ్చు, దానికి హ్యాకింగు కూడా తెలియనక్కర్లేదు.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టలేని పరిస్థితిలో ధ్రువపత్రం ఉండి తీరాలని 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో ఖాయం చేసింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63 కింద ఆ ధ్రువపత్రానికి నమూనా కూడా ఇచ్చింది. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది సాక్ష్యం తెచ్చిన మనిషి ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలు హ్యాష్ ఎంతో, దాన్ని ఏ పద్ధతిలో లెక్కించారో రాయాలి.

స్క్రీన్‌షాట్ తీసిన క్షణంలోనే హ్యాష్ లెక్కించి, తేదీ సమయంతో నమోదు చేసుకునే అలవాటు అందుకే ముఖ్యం. కమాండ్ లైన్ పద్ధతిలో దానికి అదనంగా ఒక్క వరుస చేరిస్తే చాలు. అయితే హ్యాష్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో స్పష్టంగా తెలిసి ఉండాలి. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఫైలు మారలేదని చెబుతుంది. ఆ రోజు ప్రభుత్వ పేజీలో నిజంగా అదే ఉందని చెప్పదు. ఆ రెండో విషయానికి బలం చేకూరాలంటే కేసుతో సంబంధం లేని మరొకరి దగ్గర కూడా అదే కాపీ ఉండాలి. ఒకే పేజీని రెండు మూడు చోట్ల నుంచి వేర్వేరు మనుషులు తీయడం, అదే రోజు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచడం ఇందుకు పనికొస్తాయి.

కానీ భారమంతా ఆ ఒక్క సంస్థ మీద వేయడం మంచిది కాదు. సినిమాల పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వు పేరిట 2017 ఆగస్టులో మన దేశంలో ఆ ఆర్కైవ్‌నే బ్లాక్ చేశారు. 2024 అక్టోబరులో సైబర్ దాడికి గురై అది రోజుల తరబడి మూతపడింది. పైగా మన ప్రభుత్వ వెబ్‌సైట్లలో కొన్ని విదేశాల నుంచి తెరుచుకోవు. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి సొంతూరి పనికోసం ప్రయత్నించిన తెలుగువాళ్లకు ఇది అనుభవమే. అమెరికా నుంచి పనిచేసే ఆర్కైవ్ యంత్రాలకూ అదే గోడ అడ్డం వస్తుంది. మన పేజీలను మన దేశంలో ఉన్నవాళ్లే దాచుకోవాలి.

ఇందులో గీత దాటకూడని చోట్లూ ఉన్నాయి. అందరికీ తెరిచి ఉంచిన పేజీ వేరు, ఆధార్ నంబరో ఓటీపీనో ఇచ్చి చూసే పేజీ వేరు. క్యాప్చా అడ్డం పెట్టిన భూరికార్డుల పేజీల్లోకి యంత్రంతో చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 43 కింద చిక్కులు రావొచ్చు. లబ్ధిదారుల వ్యక్తిగత వివరాలను మూకుమ్మడిగా దాచడం పారదర్శకత కిందికి రాదు. రైతు తన ఖాతా వివరాలను తానే తేదీతో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడంలో మాత్రం తప్పేమీ లేదు, అవసరం కూడా. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినట్టు పోర్టళ్లే మారిపోయే కాలంలో ఆ కాగితం ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం.

తేడా దొరికితే కుట్ర దొరికినట్టు కాదు

2025 ఆగస్టు 6న అమెరికా కాంగ్రెస్‌కు చెందిన రాజ్యాంగ వ్యాఖ్యాన వెబ్‌సైటులో మొదటి అధికరణంలోని కొన్ని సెక్షన్లు కనిపించలేదు. అక్రమ నిర్బంధం నుంచి రక్షణనిచ్చే హెబియస్ కార్పస్ నిబంధన కూడా పోయినవాటిలో ఉంది. పాత కాపీలతో పోల్చి చూసినవాళ్లు గుర్తించారు. ట్రంప్ ప్రభుత్వమే చెరిపేసిందని సోషల్ మీడియా ఊగిపోయింది. కోడింగు పొరపాటు వల్ల జరిగిందని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రకటించింది, అదే రోజు సరిచేసింది.

అదే ఏడాది జనవరి ఆఖరున అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వెబ్‌సైటు నుంచి అనేక ఆరోగ్య పేజీలు పోయినప్పుడు మాత్రం అది పొరపాటు కాదు, అధ్యక్షుడి ఉత్తర్వు అమలులో భాగంగా జరిగింది. వైద్యుల సంఘం ఒకటి కోర్టుకెళ్లింది. ఫిబ్రవరి 11న న్యాయమూర్తి జాన్ బేట్స్ ఆ పేజీలను జనవరి 30 నాటి రూపంలో పునరుద్ధరించాలని ఆదేశించారు. జనవరి 30న ఆ పేజీలు ఎలా ఉన్నాయో బయటివాళ్ల దగ్గర కూడా కాపీలుండటం వల్ల అలాంటి ఉత్తర్వు అమలైందో లేదో సరిచూడటం వీలవుతుంది.

బయటినుంచి చూసే పనిముట్టుకు ఈ రెండు సంఘటనలూ ఒకేలా కనిపిస్తాయి. నిన్న ఉన్నది, ఈరోజు లేదు. ఎందుకన్నది అడిగి తెలుసుకోవాల్సిందే. సంబంధిత అధికారిని వివరణ కోరడం, ఆర్టీఐ దరఖాస్తు పెట్టడం, ఆ తర్వాతే రాయడం పాత జర్నలిజం మర్యాదలు. యంత్రం వచ్చినంత మాత్రాన వాటి అవసరం తీరలేదు. పైగా మన దగ్గర సైట్లు కొత్త డిజైనుకు మారినప్పుడల్లా పాత లింకులు వందల్లో చచ్చిపోతుంటాయి. ఇలా పోయినవాటిలో నిర్లక్ష్యం పాలెంతో, ఉద్దేశం పాలెంతో ఫొటో చెప్పదు. అయితే నిర్లక్ష్యమైనా, ఉద్దేశమైనా కాగితం కోల్పోయేది పౌరుడే.

ఇది ఎవరి పని?

నిజానికి ఈ కాపలా పౌరులు కాయాల్సింది కాదు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటరుతో తయారైన వాటిని కూడా ప్రభుత్వ రికార్డులుగానే నిర్వచించింది. నిబంధనలకు విరుద్ధంగా రికార్డులు ధ్వంసం చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఆ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకు వర్తిస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో మొదలై 2023లో మూడో రూపం దాల్చిన మార్గదర్శకాలు ప్రతి శాఖకూ పాత సమాచారాన్ని భద్రపరిచే విధానం ఉండాలంటున్నాయి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అడగకుండానే సమాచారం బయటపెట్టమంటోంది. కాగితం మీద కొరత లేదు. పేజీ మారినప్పుడు పాతదాన్ని ఉంచి, మారిందని చెప్పమనే ఒక్క అలవాటే లేదు.

అది అసాధ్యమైన కోరికేమీ కాదు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో పేజీ చివర ‘అన్ని మార్పులూ చూడండి’ అన్న లింకు నొక్కితే ఏ తేదీన ఏమి మార్చారో వరుసగా కనిపిస్తుంది. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ ప్రభుత్వ వెబ్‌సైట్ల పాత రూపాలను 1996 నుంచి ఉన్నవాటిని భద్రపరిచి ప్రజలకు అందుబాటులో ఉంచింది. మన దగ్గర కనీసం జీఓలు, పథకాల అర్హతలు, నియామక నోటిఫికేషన్లు, టెండర్లు ఉండే పేజీలకు నాలుగు నియమాలు పెట్టొచ్చు. పాత రూపానికి విడి చిరునామా ఉండాలి. మార్పు తేదీ, కారణం పేజీలోనే రాయాలి. తొలగిస్తే తొలగించామన్న నోటీసు అక్కడే ఉండాలి. స్కాన్ బొమ్మతోపాటు వెతకడానికి వీలైన పాఠం ఉండాలి. ఇందులో కోట్ల ఖర్చు లేదు.

ఒకేచోట ఉన్న రికార్డు ఎంత బలహీనమో ఇరుగుపొరుగు దేశాలు చూపించాయి. శ్రీలంకలో 2023లో ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగాక మే 17 నుంచి ఆగస్టు 26 వరకు ఉన్న ప్రభుత్వ ఈమెయిళ్లు తిరిగి రాలేదు, ఆ కాలానికి బ్యాకప్ లేదు. నేపాల్‌లో 2025 సెప్టెంబరు ఆందోళనల్లో సింహ దర్బార్‌తోపాటు సుప్రీంకోర్టు భవనానికీ నిప్పంటుకుని వేల కేసుల ఫైళ్లు బూడిదయ్యాయి. కాపీలు పలుచోట్ల ఉండటం ప్రభుత్వానికీ రక్షణే. పౌరులు పేజీలు దాచుకోవడాన్ని నిఘాగా చూడాల్సిన పని లేదు.

ప్రభుత్వాలు ఆ అలవాటు చేసుకునేదాకా జిల్లా స్థాయి విలేకరులు, ఆర్టీఐ కార్యకర్తలు, ఉద్యోగ సంఘాలు, ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు చేయగలిగిన పని ఒకటుంది. తమకు ముఖ్యమైన ఇరవై ముప్ఫై పేజీలను ఎంచుకోవాలి. రోజూ ఫొటో, పాఠం, ఫైళ్ల హ్యాష్ మూడూ దాచుకోవాలి. ఒకరి దగ్గరే కాకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచుకోవాలి. పనిముట్లన్నీ ఉచితమే, నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఏ పేజీ ఎప్పుడు అవసరమవుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి, మొదలుపెట్టాల్సింది పేజీ మారకముందే.